చెట్టు పనికి ఎవరిని పిలువవలెను?

మగ్గము ఇంటిలోపల ఉన్నను మన పనిలో ఒక ముఖ్యభాగము చెట్టు నీడనే నడచుచు వచ్చినది. పడుగును వీధి పొడవున సాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, పోగునుండి పోగును విడదీసి ఆరనిచ్చుటకు తెల్లవారుజామున చల్లదనము, ప్రొద్దెక్కిన తరువాత చెట్టు నీడ, ఈ రెండును కావలెను. ఎండ సూటిగా తగిలినచో గంజి ఒక్కమారుగా ఆరిపోయి నూలు పెళుసెక్కును. పెళుసెక్కిన పడుగు మగ్గము మీద ఎన్ని మార్లు తెగునో నేసినవారికే తెలియును. అందుచేతనే మన పెద్దలు పేట కట్టుకొన్న చోటనెల్ల ముందుగా పడుగు సాచు స్థలము చూచుకొని, దాని ప్రక్కన చింత, వేప, కానుగ చెట్లు పెంచిరి. తమిళ సీమలోని నేతపేటలలో ఇట్టి ఉమ్మడి స్థలమును పావడి అందురు. సేలము మొదలైన తావులలో ఆ పేరు నేటికిని నిలిచియున్నది.

ఇప్పుడు మిల్లులో గంజి పెట్టి చుట్టిన పడుగును తెచ్చుకొను ఇండ్లు అనేకము కలవు. ఐనను ఉమ్మడి స్థలములోని చెట్ల అవసరము తీరిపోలేదు. మగ్గమున్న ఇంటి కప్పు మీద నీడ పడినచో లోపల వేడి తగ్గును, తేమ నిలుచును, నూలు తెగుట తగ్గును. చింతపండు కాచిన ఏట సంఘమునకు కొంత రాబడియు కలుగును. కాని అదే చెట్టు గాలివానలో విరిగి పడినచో దాని క్రింద ఉండునది మన ఇల్లే, మన మగ్గమే, మన పిల్లలే. 2024 డిసెంబరు మొదట ఫెంగల్ తుపాను వెనుక వచ్చిన వానకు మన జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్క దినములో 50 సెంటీమీటర్ల వర్షము కురిసినది. సముద్రమునకు దూరముగా ఉన్నాము, మనకు తుపాను బాధ లేదు అనుకొనుటకు ఇక వీలు లేదు. నేల అంతగా నానినప్పుడు బలమైన చెట్టు కూడ మొదలంటా ఒరుగవచ్చును.

అందుచేత ప్రతి ఏట వానలకు ముందు పేటపేటలోను ఒక చర్చ పుట్టుచున్నది. పావడిలోని పెద్ద చింతను ఏమి చేయవలెను? పూర్తిగా కొట్టించవలెనా, కొమ్మలు తీయించవలెనా? తీయించినచో ఎవరిచేత తీయించవలెను? ఈ మూడవ ప్రశ్నకు సరియైన జవాబు దొరికినచో మొదటి రెండును తామే తేలిపోవునని మా అభిప్రాయము. కావున దానినే ఇక్కడ కొంత వివరముగా వ్రాయుచున్నాము.

వచ్చువారు మూడు విధములు

చెట్టు పని ఉన్నదని తెలిసినంతనే సాధారణముగా మొదట వచ్చువాడు కట్టెలు కొట్టువాడు. గొడ్డలి, మోకు, ఇప్పుడు మోటారు రంపము, ఇవే అతని సాధనములు. ధైర్యముగా ఎక్కును, చురుకుగా కోయును. రెండవవాడు తోటలు వేయువాడు. హోసూరు 2019లో నగర కార్పొరేషను ఐనది. క్రొత్త కాలనీలు, ఫ్యాక్టరీలు, అంతస్తుల ఇండ్లు పెరుగుచున్న కొలది పచ్చికలు పరచుట, పూలమొక్కలు పెట్టుట, కంచెలు కత్తిరించుట వృత్తిగా గలవారు కూడ పెరుగుచున్నారు. వారిని ల్యాండ్‌స్కేపర్లు అందురు. మంచి పనివారు వారిలో ఎందరో కలరు. మూడవవాడు చెట్టు దేహమును చదివినవాడు. చెట్టు ఎట్లు పెరుగును, గాయమునకు ఎట్లు ఎదురు నిలుచును, ఎక్కడ కోసినచో బ్రతుకును, ఎక్కడ కోసినచో లోపల కుళ్ళును అను సంగతులు నేర్చి, ఆ పనినే చేయువాడు. ఇతర దేశములలో అతనిని ఆర్బరిస్టు అందురు. మన భాషలో చెట్ల వైద్యుడు అనవచ్చును.

మన వృత్తిలోనే దీనికి పోలిక కలదు. నూలు అమ్మువాడు, రంగు అద్దువాడు, పడుగుకు గంజి పెట్టువాడు, నేయువాడు, అందరును నూలుతోనే బ్రతుకుదురు. ఐనను మగ్గము మీద అచ్చు చెదరినప్పుడు నూలు అంగడివానిని పిలిచి సరిచేయమని ఎవరును అడుగరు. చెట్టు విషయములో మాత్రము ఈ వివేకము మరచి, చేతిలో రంపము ఉన్న ప్రతివాడును చెట్టు తెలిసినవాడే అనుకొనుచున్నాము.

కట్టె కూలి వలన కలుగు చేటు

పేటలలో తరచుగా జరుగు బేరము ఒకటి కలదు. “మీరు పైసా ఇయ్యవద్దు, కొమ్మలు తీసి, ఆ కట్టె మేమే తీసికొనిపోదుము” అని కట్టెలు కొట్టువాడు అనును. సంఘపు పెట్టెలోనుండి డబ్బు పోలేదని పెద్దమనుషులు సంతోషింతురు. కాని కూలి కట్టె రూపములో తీసికొనువానికి లాభము ఎందులో ఉన్నది? చెట్టునుండి ఎంత ఎక్కువ కట్టె దిగినచో అంత లాభము. ఎండిన పుల్లలు అడితిలో అంతగా ధర పలుకవు. లావైన పచ్చి కొమ్మలే ధర పలుకును. కనుక తీయవలసిన ఎండుకొమ్మ పైననే నిలిచి, ఉంచవలసిన తల్లికొమ్మ బండి ఎక్కును. ఇది ఆ మనిషి చెడ్డవాడగుట వలన వచ్చినది కాదు, బేరము అట్లు కుదిరినందున వచ్చినది. మగ్గముపై కోత పడిన గుడ్డ కూలివానికే చెందునని మనము ఒప్పుకొన్నచో మంచి గుడ్డ ఎంత మిగులును?

కనుక మేము చెప్పు మొదటి నియమము ఇది. చెట్టు పనికి కూలి డబ్బుగానే ఇయ్యవలెను. దిగిన కట్టె సంఘమునకు చెందవలెను. దానిని మరొక దినమున, మరొకరికి, అందరి యెదుట వేలము వేసి, వచ్చిన సొమ్ము లెక్కలో వ్రాయవలెను. ఎన్నో సందర్భములలో ఆ సొమ్ము కూలిలో కొంత భాగమును తీర్చును. ఈ ఒక్క మార్పు చేసినచో పనివాడు ఎవరైనను చెట్టుకు సగము రక్ష కలుగును.

చెట్టు గాయము మానదు

చెట్టును కోయువాడు తెలిసికొనవలసిన మూలసూత్రము ఒకటి కలదు. మన చేయి తెగినచో క్రొత్త చర్మము, క్రొత్త కండ పాత చోటనే పుట్టి గాయము మానును. చెట్టుకు ఆ శక్తి లేదు. ఒకసారి చెడిన కొయ్య మరల మంచి కొయ్య కానేరదు. చెట్టు చేయగలిగినది ఏమనగా, గాయము చుట్టును లోపల గోడలు కట్టి కుళ్ళును ముందుకు సాగనీయక ఆపుట, వెలుపల క్రొత్త కొయ్య పెంచి దానిని కప్పివేయుట. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను నిలువునా కోసి చూచి ఈ సంగతిని 1970 దశకములో తేటతెల్లము చేసెను. అంతకు ముందు కోసిన చోట తారు, రంగు పూయుట మంచిదని లోకమంతటను నమ్మిరి. ఆ పూత కుళ్ళును ఆపదని తరువాతి పరిశోధనలలో తేలినది.

దీనినుండి పనివానికి వచ్చు పాఠములు సులభమైనవే. కొమ్మ మానును కలియు చోట చిన్న ఉబ్బు ఉండును. కొందరు దానిని కొమ్మ మెడ అందురు. గోడలు కట్టు శక్తి ఎక్కువగా ఆ మెడలోనే ఉన్నది. కొమ్మను మానుకు అంటి నున్నగా కోసినచో మెడ పోవును, గాయము పెద్దదగును, కుళ్ళు మానులోనికే దిగును. మూరెడు మొద్దు వదలి కోసినచో ఆ మొద్దు చచ్చి, చెదలకు, బూజుకు దారి యగును. మెడను వదలి, దానిని ఆనుకొని కోయుటయే సరియైన పద్ధతి. బరువైన కొమ్మను ఒక్క కోతతో తీయరాదు. మొదట మెడకు కొంచెము ఆవల క్రిందినుండి కొద్దిగా కోసి, తరువాత ఇంకను ఆవల పైనుండి కోసి బరువు దింపి, చివరకు మిగిలిన మొద్దును మెడ వద్ద తీయవలెను. అట్లు చేయనిచో కొమ్మ తన బరువుతో విరిగి మాను బెరడును బారెడు పొడవున చీల్చుకొని దిగును. ఈ మూడు కోతల సంగతి తెలియనివానిని పెద్ద చెట్టు ఎక్కనీయకూడదు.

మోడు చేయుట

గాలికి భయపడి చాలమంది చెట్టు తల అంతయు కొట్టించి మోడు చేయింతురు. ఎత్తు తగ్గినది గనుక అపాయము తగ్గినదని వారి లెక్క. కొద్ది కాలమునకు ఆ లెక్క నిజమే. ఆ పిమ్మట ఏమగునో చూడుడు. ఆకు అంతయు పోయినది గనుక చెట్టు ఆకలితో నిలువ పెట్టుకొన్న ఆహారమును ఖర్చు చేసి కోసిన చోట్లనుండి గుంపులు గుంపులుగా చిగుళ్ళు వేయును. అవి వేగముగా పెరిగి కొన్ని ఏండ్లలోనే మునుపటి ఎత్తునకు వచ్చును. మునుపటి కొమ్మ మానులోనుండి పొరపొరగా పెనవేసికొని పుట్టినది. ఈ క్రొత్త కొమ్మలు బెరడు క్రింద పైపైన అతుక్కొన్నవి. వాటి మొదళ్ళ క్రిందనే కోసిన గాయము కుళ్ళుచుండును. అనగా నాడు లేని అపాయమును మనమే సొమ్మిచ్చి చేయించుకొన్నట్లయినది. సరిగా అతుకని పోగు పన్నెలో చేరినప్పుడు తెగుట ఎంత నిశ్చయమో, ఈ కొమ్మ గాలికి విరుగుటయు అంతే నిశ్చయము.

చెట్టు తెలిసినవాడు మోడు చేయడు. ఎండిన కొమ్మలు, ఒకదానినొకటి రాచుకొను కొమ్మలు, ఇంటి కప్పు మీదికి చాగిన కొమ్మల చివరలు ఏరి తీయును. పచ్చని ఆకులో నాలుగవ వంతుకు మించి ఒక ఏటిలో తీయరాదని ఆ వృత్తిలో వాడుకలో ఉన్న కొలత. ముసలి చెట్టునకు అంతకన్న తక్కువే తీయుట మంచిది. పని ముగిసిన తరువాత దూరమునుండి చూచినవానికి చెట్టును ఎవరో తాకినట్లే తోచకూడదు.

తెలుగునాట రెండు నిదర్శనములు

చెట్టుకు వైద్యము అనగా నవ్వువారు కలరు. మహబూబ్‌నగరు వద్దనున్న పిల్లలమఱ్ఱి సంగతి వారు వినవలెను. సుమారు 700 ఏండ్ల నాటిదని చెప్పబడు ఆ మఱ్ఱిమానుకు చెదలు పట్టి, 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ కూలినది. అధికారులు చూడవచ్చువారిని ఆపివేసిరి. 2018లో చెదలను చంపు మందును నీటితో పలుచన చేసి మానులో రంధ్రములద్వారా ఎక్కించ చూచిరి. మందు వెలికి కారిపోయినది. అప్పుడు ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించునట్లు సీసాలు వ్రేలాడదీసి చుక్క చుక్కగా ఎక్కించిరి. వేళ్ళకు కూడ మందునీరు పోసిరి. బరువైన కొమ్మల క్రింద సిమెంటు స్తంభములు నిలిపిరి. అంత ముసలి మానును కొట్టివేయుట సులభమైన పనియే. బ్రతికించుటకు మాత్రము దాని రోగమేమో కనిపెట్టగల మనిషి కావలసివచ్చెను. కదిరి తట్టున తిమ్మమ్మ మఱ్ఱిమాను కూడ ఇట్టి పోషణతోనే నిలిచియున్నది. 1989లో గిన్నిస్ గ్రంథమునకు ఎక్కిన ఆ చెట్టు ఊడలను వెదురు బొంగులలోనుండి నేలకు దింపి అటవీ శాఖవారు కొమ్మలకు ఆధారము కల్పించుచున్నారు.

రెండవ నిదర్శనము మనకు ఇంకను దగ్గరది. 2021 ప్రాంతమున తెలంగాణలోను ఆంధ్రలోను వేపచెట్లు కొమ్మల చివరలనుండి ఎండుచు వచ్చి, చూచుటకు కాలినట్లు కనబడినవి. ఊరి వేపలన్నియు చచ్చిపోవుచున్నవని జనము భయపడిరి. శాస్త్రజ్ఞులు పరీక్షించి ఫోమాప్సిస్ అను బూజు తెగులు, దానికి తోడు లేత చిగురు రసము పీల్చు టీ దోమ అను పురుగు ఇందుకు కారణమని చెప్పిరి. తరువాత ఋతువు మారగనే అనేక చెట్లు మరల చిగిర్చినవి. ఆ దినములలో కట్టెలు కొట్టువాని మాట విని చచ్చినదని నరికించినవారు బ్రతికియున్న చెట్టును నరికించిరి. మన వీధిలో వేప ఎండినట్లు కనబడినచో మొదట చేయవలసిన పరీక్ష ఎవరైనను చేయవచ్చును. చిన్న రెమ్మ బెరడును గోటితో గీచి చూడవలెను. లోపల పచ్చగా తడిగా ఉన్నచో ప్రాణము ఉన్నది. అట్లే మాను లోపల తొఱ్ఱ ఉన్నంత మాత్రమున చెట్టు కూలునని నిర్ణయింపరాదు. చుట్టును గట్టి కొయ్య దళసరిగా ఉన్నచో తొఱ్ఱ చింతలు చిరకాలము నిలుచును. ఆ దళసరి ఎంతయో కొయ్యసుత్తితో తట్టి, చప్పుడు విని, అంచనా కట్టువాడే మనకు కావలసినవాడు.

పత్రము గలవాడు

అమెరికాలో 1924లో చెట్ల పోషకుల సంఘమొకటి పుట్టినది. నేడు దాని పేరు ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్. 1992నుండి అది పరీక్ష పెట్టి పత్రములు ఇచ్చుచున్నది. పరీక్షకు కూర్చొనుటకు సాధారణముగా మూడు ఏండ్ల పని అనుభవము, లేదా దానికి సరియగు చదువు కావలెను. పత్రము మూడేండ్లకొకసారి క్రొత్త చదువు చూపి పొడిగించుకొనవలెను. విదేశములలో ఇల్లు కొన్న మన పిల్లలు పెరటి చెట్టు పనికి ఈ పత్రము అడిగి, ఆ సంఘపు పట్టికలో పేరు సరిచూచుకొనుట మంచిది. అక్కడ కూడ పచ్చిక కోయువాడు “చెట్లును కోయుదును” అని వచ్చుట సామాన్యము.

మన తట్టున అట్టి పత్రము గలవారు అరుదు. ఐనను తెలివి గలవారు లేకపోలేదు. జిల్లా ఉద్యానశాఖ అధికారులు, కృషి విజ్ఞాన కేంద్రమువారు, పైయూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధనా కేంద్రమువారు, అటవీ శాఖవారు చెట్టు తెగులు గురించి అడుగదగినవారు. ముందుగా అట్టివారిచేత చెట్టును చూపించి, ఏ కొమ్మ తీయవలెనో సున్నముతో గుర్తు పెట్టించుకొని, పిదప ఎక్కుటలో ఆరితేరిన పనివానిచేత ఆ గుర్తుల ప్రకారము కోయించవచ్చును. తలయొకరిది, చేయి యొకరిదిగా పని నడచును. మన జిల్లా మామిడికి పేరు పొందినది గనుక మామిడి కొమ్మలు కత్తిరించు నేర్పరులు కూడ దొరుకుదురు. కాని మామిడిని కాపు కొరకు కత్తిరింతురు, లోపలికి ఎండ చొరనిత్తురు. నీడచెట్టుకు ఆ పద్ధతి అట్లే చెల్లదు. ఈ తేడా వారికి ముందుగా చెప్పవలెను.

తోటవాని పని ఏది?

ఇంత చెప్పినందున తోటలు వేయువారిని మేము తక్కువ చేయుచున్నామని తలపరాదు. క్రొత్త పావడి వేయుటకు నేల చదును చేయుట, నీరు పారు వాలు చూచుట, మొక్కలు తెచ్చి నాటుట, కంచె కట్టుట, రెండు మూడేండ్లు నీరు పోసి పెంచుట, ఇవి వారి పనులే. వాటికి చెట్ల వైద్యుని పిలుచుట వృథా ఖర్చు. మేము పెట్టుకొన్న గుర్తు ఇది. నేల మీద నిలుచుండి చేయగల పని తోటవానిది. నేల విడిచి ఎక్కవలసిన పనియు, పెద్ద వేరును తాకవలసిన పనియు చెట్టు తెలిసినవానిది.

తోటవానితో కూడ రెండు విషయములలో జాగ్రత్త కావలెను. ఒకటి, ఏ మొక్క నాటుచున్నాడో అడుగుట. ఎఱ్ఱపూల తురాయి మడగాస్కరునుండి, నిద్రగన్నేరు అమెరికా ఖండమునుండి వచ్చినవి. త్వరగా పెరిగి అందముగా నుండునని నర్సరీలలో ఎక్కువగా అమ్ముదురు. 2016 డిసెంబరులో వర్దా తుపాను మదరాసును కొట్టినప్పుడు కూలిన చెట్లలో ఇట్టి పరదేశపు చెట్లు మిక్కిలిగా ఉన్నవి. మగ్గపు ఇండ్ల దగ్గర వేప, కానుగ మేలు. రెండు, మాను చుట్టును సిమెంటు వేయనీయకుండుట. చెట్టు వేళ్ళలో ఎక్కువ భాగము పైన ఉన్న రెండు మూడు అడుగుల మట్టిలోనే, కొమ్మల నీడకు ఆవలివరకు ప్రాకియుండును. వాటికి గాలియు నీరును కావలెను. మాను మొదట మట్టి పోసి ఎత్తు చేసినను, కాలువ కొరకు వేళ్ళు తెగగొట్టినను, చెట్టు వెంటనే చావదు. కొన్ని ఏండ్లు గడచిన తరువాత గాలికి ఒరుగును. అప్పుడు కారణము ఎవరికిని గుర్తుండదు.

పని అప్పగించుటకు ముందు

వచ్చిన మనిషి ఏమి చెప్పుచున్నాడో దానికన్న, ఏమి అడుగుచున్నాడో గమనించుడు. చెట్టు తెలిసినవాడు ధర చెప్పుటకు ముందు మాను చుట్టు ఒకసారి తిరుగును. మొదట పుట్టగొడుగులు లేచినవా, నేల ఒక ప్రక్క పగిలి లేచినదా, చెట్టు ఎప్పుడూ ఇంతే వంగియున్నదా, ఈ మధ్య వంగినదా, ప్రక్కన కాలువ త్రవ్విరా అని అడుగును. “ఎందుకు తీయించుచున్నారు?” అని కూడ అడుగును. చూడకయే ధర చెప్పువానిని, మోడు చేసి ఇత్తునను వానిని, కాలికి ముళ్ళ ఇనుప బూట్లు వేసికొని బ్రతికిన చెట్టు ఎక్కువానిని, కూలికి బదులు కట్టె అడుగువానిని పంపివేయవలెను.

నడుముకు మోకు, తలకు టోపీ లేనివానిని ఎక్కనీయరాదు. పడినవాడు చచ్చినచో ఒక కుటుంబము వీధిన పడును. ఆ బాధ్యత పని చేయించిన సంఘము మీదికి కూడ రావచ్చును. కరెంటు తీగ ప్రక్కనున్న కొమ్మను మనకు మనము తాకనే కూడదు. విద్యుత్ ఆఫీసుకు వ్రాసి, తీగలో కరెంటు ఆపించిన పిదపనే పని మొదలు పెట్టవలెను. ఏ కొమ్మలు, ఎంతవరకు, ఎన్ని దినములలో, ఎంత కూలికి అను సంగతులు ఒక కాగితము మీద వ్రాసి ఉభయులు సంతకము చేయవలెను. మాటతో జరిగిన బేరములోనే తగవు పుట్టును.

స్థలము ఎవరిదో కూడ చూచుకొనవలెను. మనము తరతరములుగా వాడుచున్నను పావడి పేరు రెవెన్యూ లెక్కలలో పోరంబోకుగా ఉండవచ్చును. ప్రభుత్వ స్థలములలోని చెట్లు కొట్టుట విషయమై తమిళనాడు ప్రభుత్వము 2021లో జిల్లా కలెక్టరు అధ్యక్షతన పచ్చదన సంఘములను ఏర్పరచినది. కనుక ముందుగా గ్రామ పరిపాలనాధికారివద్ద లెక్క చూచి, అనుమతి కావలసియున్నచో అర్జీ పెట్టవలెను. ఆంధ్ర, తెలంగాణలలోని మన బంధువులకు 2002నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, కర్ణాటకలోనివారికి 1976నాటి చెట్ల రక్షణ చట్టము వర్తించును. చందనమువంటి చెట్టు స్వంత పెరటిలో ఉన్నను అటవీ శాఖను అడుగక ముట్టరాదు.

పనికి పుష్య, మాఘ మాసములు అనుకూలము. వానలు వెనుకబడి, వేసవి గాలులు ఇంకను రాని కాలమది. పిట్టలు గూళ్ళు పెట్టిన కొమ్మలను పిల్లలు ఎగిరిపోవువరకు వదలవలెను. ఎండుకొమ్మ ఇంటి మీద వ్రేలాడుచున్నచో మాత్రము మాసము చూడక వెంటనే తీయించవలెను.

మన చేతిలోనిది

ఎవరిని పిలిచినను పిలువకపోయినను మనమే మానుకొనదగిన అలవాట్లు మూడు కలవు. పడుగు బిగించు మోకును ఏండ్ల తరబడి ఒకే మానుకు కట్టుట మొదటిది. ఆకులో తయారైన ఆహారము బెరడు ద్వారానే వేళ్ళకు దిగును. మోకు, ఇనుప తీగ బెరడులోనికి దిగినచో ఆ దారి మూసికొని చెట్టు క్రిందినుండి చిక్కును. పడుగుకు రాతి కూసమో కొయ్య గుంజో నాటుకొనుట మేలు. తప్పనప్పుడు గోనెపట్ట చుట్టి కట్టి, పని కాగానే విప్పవలెను. అద్దకపు తొట్టి నీళ్ళను చెట్టు మొదట పోయుట రెండవది. వాటిలోని ఉప్పు, కాస్టిక్ సోడా వేళ్ళను కాల్చి నేలను చెరచును. మేకులు కొట్టుట, మొదట చెత్త తగులబెట్టుట మూడవది.

ప్రతి పేట సంఘమువారు ఈ ఏట ఒక చిన్న పుస్తకము తెరచి, ఉమ్మడి స్థలములోని చెట్లకు వరుసగా సంఖ్యలు వేసి, ఏ చెట్టు ఏ స్థితిలో ఉన్నదో, ఎప్పుడు ఎవరు కోసిరో వ్రాసి ఉంచవలెనని కోరుచున్నాము. ఏటికొకసారి వానలకు ముందు కార్యవర్గపు సభ్యులు ఇద్దరు ఆ పుస్తకము పట్టుకొని చెట్లన్నియు చుట్టి చూచినచో సగము అపాయములు ముందుగానే కంటబడును. పడుగు తెగినచో అతుకువేసి నేయవచ్చును. నూరేండ్ల చింతను ఒక ఉదయమున కొట్టించినచో దాని నీడ మన మనుమలకు కూడ దొరకదు. కావున గొడ్డలి పిలుచుటకు ముందు చెట్టు తెలిసినవానిని పిలుచుట మన పేటలన్నిటను ఆచారము కావలెనని ఆశించుచున్నాము.